కరెంటు ఎక్కడ పోతోందో మీటరే చెబుతుంది

[దృశ్యం: చేతిలో కరెంటు బిల్లు, దగ్గరగా]

నమస్కారం. బిల్లు రెట్టింపు వచ్చిన నెలలో మనం ముందుగా గీజరునో ఫ్రిజ్‌నో అనుమానిస్తాం. అంతకన్నా ముందు బిల్లుపై ఉన్న గత రీడింగ్ తేదీని, ఈసారి తేదీని చూసి, ఖర్చయిన యూనిట్లను ఆ రోజుల సంఖ్యతో భాగించండి. రీడింగ్ 35 రోజులకు తీసి ఉంటే యూనిట్లు పెరగడం సహజమే. తెలంగాణలో 200 యూనిట్ల వరకు ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్నవారు ఆ పరిమితి దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది కాబట్టి, రోజువారీ లెక్క వారికి మరీ ముఖ్యం.

గత ఫిబ్రవరిలో మా ఇంట్లో రోజుకు 6 యూనిట్లుగా ఉన్న వాడకం 11కు చేరింది. ఏసీ వేసే కాలం కాదు, కొత్త వస్తువేదీ కొనలేదు.

[దృశ్యం: మీటరుపై మెరిసే ఎర్ర దీపం]

ఈ చిన్న దీపాన్ని గమనించండి. మీటరుపై 3200 అని రాసి ఉంటే, ఇది 3200 సార్లు మెరిసినప్పుడు ఒక యూనిట్ ఖర్చయినట్టు. పది సెకన్లకు ఒకసారి మెరిస్తే ఇల్లు దాదాపు 110 వాట్లు తీసుకుంటోందని, సెకనుకు ఒకసారి మెరిస్తే వెయ్యి వాట్లు దాటిందని అర్థం. ఇన్వర్టరు, ఫ్రిజ్ సహా ఇంట్లోని ప్రతి స్విచ్చినీ ఆపి, మెయిన్ మాత్రం వేసి ఉంచండి. అప్పటికీ దీపం మెరుస్తూ ఉంటే వైరింగులో లీకేజీ ఉండవచ్చు, లేదా మన లైను నుంచి మరొకరి ఇంటికి కరెంటు వెళుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మెయిన్ ఆపినా మెరుస్తుంటే విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయండి. మీటరు సీలును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకండి.

మా ఇంట్లో అన్నీ ఆపగానే దీపం ఆగిపోయింది. అంటే వైరింగు బాగానే ఉంది, ఏదో వస్తువు మాకు తెలియకుండా నడుస్తోంది.

[దృశ్యం: నోటుపుస్తకంలో రాసిన రీడింగులు]

రాత్రి పదింటికి, తెల్లవారుజామున ఐదింటికి రీడింగ్ రాసుకున్నాను. ఆ ఏడు గంటల్లో ఫ్రిజ్‌కూ ఒక ఫ్యానుకూ కలిపి ఒక యూనిట్ సరిపోవాలి. మూడు ఖర్చయ్యాయి. మరుసటి రాత్రి రెండింటికి లేచి చూస్తే, దీపం సెకనుకు ఒకసారి మెరుస్తోంది, పెరటి వైపు నుంచి సన్నగా మోటారు శబ్దం వినిపిస్తోంది. ట్యాంకులో నీళ్లు తగ్గితే మోటారు దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు మాది. అందరూ నిద్రపోతున్న వేళ నీళ్లు వాడిందెవరు?

[దృశ్యం: సంపు గోడపై బొగ్గు గీత]

మోటారు ఆగిన వెంటనే దాని స్విచ్చి ఆపివేసి, సంపులో నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీశాను. గంట తర్వాత మూత తీసి చూస్తే, నల్లా నీళ్లు వచ్చే రోజు కాకపోయినా, నీళ్లు ఆ గీతకు జానెడు పైకి వచ్చాయి. మా ట్యాంకుకు నీళ్లెక్కే పైపును అడుగు నుంచి కలిపారు. ఎక్కిన నీళ్లు తిరిగి దిగకుండా ఆపవలసిన నాన్-రిటర్న్ వాల్వు అరిగిపోవడంతో, అదే పైపు గుండా నీళ్లు సంపులోకి జారిపోతుంటే, ఒక హెచ్‌పీ మోటారు ఆ నీటినే మళ్లీ మళ్లీ పైకి తోడుతోంది. రోజుకు ఐదు యూనిట్లంటే నెలకు 150.

[దృశ్యం: పాత వాల్వు, లోపలి రబ్బరు దగ్గరగా]

ప్లంబరు విప్పి చూపించిన వాల్వు ఇదే. లోపలి రబ్బరు ఒక అంచున నెలవంకలా తెగి ఉంది. కొత్తది బిగించిన రాత్రి మళ్లీ గీసిన బొగ్గు గీత దగ్గరే ఉదయానికీ నీళ్లు నిలిచి ఉన్నాయి, మీటరు ఒక్క యూనిట్ మాత్రమే తిరిగింది.