ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన బర్ట్ షెపర్డ్ | వాషింగ్టన్ డీసీ వ్లాగ్

అందరికీ నమస్తే అండి. ఇది వాషింగ్టన్ డీసీలో జార్జియా ఎవెన్యూ. నా వెనకాల ఉన్నది హోవర్డ్ యూనివర్సిటీ హాస్పిటల్. 1965లో పడగొట్టేదాకా ఇక్కడ గ్రిఫిత్ స్టేడియం ఉండేది, బేస్‌బాల్ ఆడేవాళ్లు. మావారు పార్కింగ్ చూసుకుని వచ్చేలోపు మీకు బర్ట్ షెపర్డ్ అనే పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడి గురించి చెప్పాలి. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆయన ఆడింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన పి-38 ఫైటర్ పైలట్. 1944 మే 21న జర్మనీలో విమానం కూలిపోయింది. శత్రుదేశపు సైనిక డాక్టరే ప్రాణం కాపాడాడు, కానీ కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఖైదీల క్యాంపులో కెనడా ఖైదీ ఒకాయన కట్టుడు కాలు చేసిచ్చాడు. అది తొడుక్కుని అక్కడే బంతి విసరడం మొదలుపెట్టాడండీ!

పోయింది ఏ కాలో గమనించండి. షెపర్డ్‌ది ఎడమచేతి వాటం. మన జహీర్ ఖాన్ బౌలింగ్ గుర్తు తెచ్చుకోండి, బంతి వదిలేటప్పుడు ముందుకు పడేది కుడికాలే కదా. పిచ్చర్‌కీ అంతే. వేసిన ప్రతి బంతికీ ఒంటి బరువంతా ఆ కట్టుడు కాలి మీదే పడేది.

ఖైదీల మార్పిడిలో తిరిగొచ్చాక వాషింగ్టన్ సెనేటర్స్ టీమ్ ఆయన్ని తీసుకుంది. అప్పటికి పేరున్న ఆటగాళ్లు చాలామంది ఇంకా సైన్యంలోనే ఉన్నారు. 1945 ఆగస్టు 4న ఇదే గ్రౌండ్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ నాలుగో ఇన్నింగ్స్‌లోనే (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్) 12 పరుగులు బాదేసింది. మూడు బేస్‌లలోనూ, అంటే పరుగు పూర్తి చేయడానికి దాటాల్సిన మజిలీల్లో, రెడ్ సాక్స్ ఆటగాళ్లు నిలబడి ఉన్నప్పుడు షెపర్డ్‌ని దింపారు. వస్తూనే మొదటి బ్యాటర్‌ని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు! అక్కణ్నుంచి చివరిదాకా, అంటే అయిదు ఇన్నింగ్స్‌కి పైగా వేసి, ఇచ్చింది 3 హిట్లు (బ్యాటర్ కొట్టి బేస్ చేరిన దెబ్బలు), 1 పరుగు. మ్యాచ్ 15-4తో పోయింది, కానీ అది ఈయన చేతిలో పోయింది కాదు.

ఇక మళ్లీ దింపలేదు. టీమ్ టైటిల్ రేసులో ఉంది, ఆఖరికి గెలుపోటముల లెక్కలో డెట్రాయిట్ టీమ్ కంటే ఒకటిన్నర గేమ్ వెనకబడి రెండో స్థానంలో ఆగింది. మేనేజర్ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఆ తర్వాత సైన్యంలోంచి పాతవాళ్లూ వచ్చేశారు. అయినా ఇంకొక్క మ్యాచ్ ఇవ్వాల్సింది అనే అంటాను. జాలిపడి ఇచ్చిన ఛాన్స్ అనేవాళ్లు ఆ రోజు స్కోరు చూడాలి. షెపర్డ్ మాత్రం ఆట మానలేదు, మైనర్ లీగ్స్‌లో, అంటే కింది స్థాయి లీగ్స్‌లో, ఇంకా కొన్నేళ్లు బంతి వేస్తూనే ఉన్నాడు.