న్యూస్ రీడర్ చనిపోతే ఛానెళ్లు ఎలా నివాళి ఇస్తాయి? శాంతి స్వరూప్ గారి నుంచి క్రాంకైట్ దాకా

అందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ 5, శుక్రవారం రోజు తెలుగు న్యూస్ ఛానెళ్లు ఏది పెట్టినా ఒకటే స్క్రోల్, తొలి తెలుగు న్యూస్ రీడర్ శాంతి స్వరూప్ ఇక లేరు అని. హైదరాబాద్‌లో, హాస్పిటల్లో, గుండెపోటుతో చనిపోయారు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే. వీధికి ఒకటో రెండో టీవీలు ఉన్న రోజులవి, సాయంత్రం ఏడింటికి పక్కింటోళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు, అలా చూసినవాళ్లందరికీ ఆయన ఇంట్లో మనిషి కిందే లెక్క.

మరి రోజూ వార్తలు చెప్పే మనిషే వార్త అయినప్పుడు న్యూస్‌రూమ్‌లో ఏం జరుగుతుంది? ఈరోజు వీడియో దాని గురించే.

ఫస్ట్ పని కన్ఫర్మ్ చేసుకోవడం. ఇది చాలా మంది అనుకునేదానికన్నా కష్టం, ఎందుకంటే చనిపోయింది తమ ఫీల్డ్ మనిషే కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో అందరికంటే ముందు వాళ్లకే తెలిసిపోతుంది, తెలిసింది కదా అని వెంటనే వేసేస్తే ఊళ్లో ఉన్న బంధువులు టీవీలో చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. ఫ్యామిలీ నుంచి మాట వచ్చేదాకా ఆగాలి, పది నిమిషాలు లేటయినా పర్లేదు. ఆ తర్వాత మీకు తెలిసిందే, బ్రేకింగ్ ప్లేటు (స్క్రీన్ మీద బ్రేకింగ్ న్యూస్ అని పడే పట్టీ), ఫైల్ షాట్స్ (పాత వీడియోలు), పాత కొలీగ్స్‌తో ఫోనోలు (ఫోన్‌లో మాట్లాడించడం), లీడర్ల సంతాపాలు (శాంతి స్వరూప్ గారికి రేవంత్ రెడ్డి, కేసీఆర్ ఇద్దరూ సంతాపం చెప్పారు). సాయంత్రానికి ఒక ప్యాకేజీ, అంటే విజువల్స్, వాయిస్ కలిపి ఎడిట్ చేసిన స్టోరీ, రెడీ అవుతుంది.

ఆ ప్యాకేజీ గురించే నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఎక్కువ సార్లు ఏం చేస్తారంటే, ఆయన పాత క్లిప్ వేస్తారు, దాని సౌండ్ తగ్గించేస్తారు, పైన వేరే వాళ్ల వాయిస్ ఓవర్, వెనకాల ఏడుపు వయొలిన్. జీవితాంతం గొంతుతో బతికిన మనిషికి నివాళి ఇస్తూ ఆ గొంతే మ్యూట్ చేస్తే ఎలా అండీ?

ఇప్పుడు ఆయన పాత క్లిప్ ఒకటి చూద్దాం, వెనకాల మ్యూజిక్ ఏం పెట్టట్లేదు.

(క్లిప్)

చూశారా, చేతిలో కాగితాలు. తల దించి వాక్యం చూసుకుంటారు, తలెత్తి మన కళ్లల్లోకి చూసి చెప్తారు, సరిగ్గా వాక్యం పూర్తయ్యే చోటికి కళ్లు మళ్లీ కాగితం మీదకి వెళ్తాయి. అప్పట్లో టెలీప్రాంప్టర్ (కెమెరా దగ్గర చదవాల్సిన వార్త చూపించే స్క్రీన్) లేదు, సుమారు పదేళ్లు అలాగే చదివారు. ఎక్కడా తొందర లేదు, అరుపు లేదు, ళ, ణ ఎంత క్లియర్‌గా పలుకుతున్నారో వినండి. ఈ ఒక్క నిమిషం చూపిస్తే చాలు ఆయన ఎవరో ఇప్పటి పిల్లలకి అర్థమైపోతుంది, పది మంది వచ్చి మహానుభావుడు అని చెప్పక్కర్లేదు.

మరి ఛానెళ్లు ఎందుకు ఇలా చూపించవు అంటే, పాపం ఒక్కోసారి వాళ్ల దగ్గర ఫుటేజే ఉండదు. ఆ కాలం వార్తలు లైవ్ కదా, రికార్డు చేసినా టేపులు బాగా ఖరీదు, దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. బీబీసీ అంతటి సంస్థే పాత ప్రోగ్రాములు బోలెడు చెరిపేసింది. అందుకే ఏ న్యూస్ రీడర్ పోయినా అవే రెండు మూడు క్లిప్పులు అన్ని ఛానెళ్లలో తిరుగుతుంటాయి.

బయటి దేశాల్లో రెండు ఎగ్జాంపుల్స్ చెప్తా. అమెరికాలో వాల్టర్ క్రాంకైట్, 1962 నుంచి 1981 దాకా సీబీఎస్ అనే ఛానెల్లో ఈవినింగ్ న్యూస్ చదివారు. 2006లో కేటీ కౌరిక్ అనే న్యూస్ రీడర్ ఆ బులెటిన్‌కి వచ్చినప్పుడు మొదట్లో వచ్చే ఆ పరిచయం లైన్ క్రాంకైట్ గొంతుతోనే చెప్పించారు. 2009 జులై 17న ఆయన చనిపోయారు. సీబీఎస్ వాళ్లు ఆ గొంతు తీసేయలేదు, ఇంకో ఐదారు నెలలు రోజూ వార్తలు ఆయన గొంతుతోనే మొదలయ్యాయి, 2010 జనవరిలో హాలీవుడ్ నటుడు మోర్గాన్ ఫ్రీమన్ గొంతు వచ్చేదాకా. నాకు తెలిసి ఇంత మంచి నివాళి ఇంకోటి లేదు.

రెండోది బీబీసీ న్యూస్ రీడర్ జార్జ్ అలగయ్య. శ్రీలంకలో పుట్టిన మనిషి, క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి పోరాడి 2023 జులై 24న పోయారు. ఆ వార్త టీవీలో చెప్పాల్సింది ఎవరు? పక్క సీట్లో కూర్చునే వాళ్లే. బీబీసీలోనే వార్తలు చదివే క్లైవ్ మైరీ ఆ వార్త మొత్తం మామూలుగానే చదివి, ఆ తర్వాత పర్సనల్‌గా ఒక మాట అని చెప్పి, ఆయన తనకి గురువు, కొలీగ్, ఫ్రెండ్ అన్నారు. అంతే, సింపుల్‌గా. ముందు వార్త, తర్వాత బాధ, ఈ ఆర్డర్ చాలా ముఖ్యం, ఎందుకంటే పోయిన మనిషి కూడా రోజూ అదే పద్ధతిలో పని చేశారు కదా. ఒకవేళ చదివేవాళ్ల గొంతు పూడుకుపోతే పీసీఆర్‌లో (స్టూడియో కంట్రోల్ రూమ్‌లో) కూర్చున్నవాళ్లు వెంటనే విజువల్స్‌కి కట్ చేయాలి, ఏడుస్తున్న మొహం మీదకి కెమెరా జూమ్ చేయకూడదు, అది నివాళి కాదు, టీఆర్పీ (రేటింగ్) కోసం చేసే పని.

శాంతి స్వరూప్ గారి విషయంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, దూరదర్శన్ మనిషే అయినా ప్రైవేట్ ఛానెళ్లన్నీ మా వాడే అన్నట్టు చూపించాయి. ఆయన 2011లోనే రిటైర్ అయ్యారు, అయినా ఎవరూ మర్చిపోలేదు.

ఇక మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎనభైలు, తొంభైల్లో వీసీఆర్ ఉన్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. పెళ్లి క్యాసెట్ల మధ్యలో, సినిమా చివర్లో మిగిలిన టేపులో ఎక్కడో ఒక చోట ఏడు గంటల వార్తలు రికార్డయి ఉండొచ్చు. అటక మీద ఉంటే తీసి డిజిటల్ చేయించండి, బూజు పట్టిన టేపు ఇంట్లో ప్లేయర్లో పెట్టొద్దు, ప్లేయర్లో టేపుని చదివే హెడ్స్ పాడవుతాయి, క్యాసెట్లు కన్వర్ట్ చేసే షాపులో ఇవ్వండి. అందులో ఎవరి గొంతు దొరికినా కామెంట్లో చెప్పండి.