కప్పు లేని చర్చిలో ఒక పార్కు

[దృశ్యం: రాతి కిటికీ దగ్గరగా. తీగ ఒకటి దాని గుండా దూరి ఉంది.]

ఈ కిటికీ చూడండి. పైన కమాను, మధ్యలో రాతి చట్రం. అద్దం మాత్రం లేదు. అద్దం ఉండాల్సిన చోటు నుంచి తీగ లోపలికి పాకింది. లోపలికి అన్నాను గానీ, లోపల కూడా ఆరుబయలే. తలెత్తితే ఆకాశం.

ఇది లండన్. థేమ్స్ నదికి దగ్గర్లో, లండన్ బ్రిడ్జికీ టవర్ ఆఫ్ లండన్‌కీ మధ్య ఉన్న చోటు. చుట్టూ బ్యాంకులు, ఇన్సూరెన్స్ ఆఫీసులు. వాటి సందులో దాక్కున్నట్టుండే ఈ పార్కు పేరు సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్. పేరు చర్చిది. చర్చి పోయింది, పేరు పార్కుకి మిగిలింది.

[దృశ్యం: పాత లండన్ పటం. పుడ్డింగ్ లేన్ నుంచి ఎర్ర గీత.]

1666 సెప్టెంబరు. పుడ్డింగ్ లేన్‌లో ఒక బేకరీ అంటుకుంది. అక్కడి నుంచి ఇక్కడికి నడిస్తే అయిదు నిమిషాలు. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్లు బూడిదయ్యాయి. అప్పటికే కొన్ని వందల ఏళ్ల వయసున్న ఈ చర్చి కూడా బాగా దెబ్బతింది. పూర్తిగా కొత్తది కట్టకుండా అతుకులు వేసి సరిపెట్టారు. తర్వాత 1695 నుంచి 1701 దాకా క్రిస్టఫర్ రెన్ అనే ఆర్కిటెక్ట్ దానికి కొత్త గోపురం కట్టించాడు.

[దృశ్యం: గోపురం, కింది నుంచి పైకి నెమ్మదిగా.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. నాలుగు మూలల నుంచి నాలుగు రాతి కమానులు గాల్లోకి లేచి, మధ్యలో కలుస్తాయి. ఆ కలిసిన చోట మొనదేలిన శిఖరం నిలబడి ఉంటుంది. దాని కింద స్తంభం లేదు, గోడ లేదు, అంతా ఖాళీ. కింద నిలబడి చూస్తే కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. 1703లో పెద్ద తుపాను వచ్చినప్పుడు ఊళ్లో గోపురాలు దెబ్బతిన్నాయని రెన్‌కి కబురొస్తే, ‘డన్‌స్టన్‌ది మాత్రం అయ్యుండదు’ అన్నాడని ఒక కథ. నిజమో కాదో గానీ, గోపురం నిలిచింది.

గోపురం నిలిచినా, వెనకున్న అతుకుల చర్చి నిలవలేదు. పైకప్పు బరువుకి గోడ నిలువు తప్పి 7 అంగుళాలు బయటికి ఒరిగింది. దాదాపు జానెడు! రిపేరు చేద్దామని మొదలుపెట్టినవాళ్లు చివరికి మొత్తం విప్పేశారు. 1817లో డేవిడ్ లయింగ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్‌తో మళ్లీ శంకుస్థాపన జరిగింది. 1821 జనవరిలో ప్రార్థనలు మొదలయ్యాయి. పాపం లయింగ్! ఇక్కడికి దగ్గర్లోనే, నది ఒడ్డున ఆయన కట్టిన కస్టమ్ హౌస్ (సరుకుల మీద సుంకం వసూలు చేసే ఆఫీసు) పునాది సరిగా లేక 1825లో మధ్యభాగం కూలింది. దాంతో ఆయన కెరీర్ కూడా కూలింది. ఆయన చర్చి గోడలు మాత్రం బాంబులకి కూడా పడలేదు.

[దృశ్యం: నలుపు తెలుపులో శిథిలాలు.]

ఆ బాంబులు 1941లో పడ్డాయి. కప్పు పోయింది, లోపలిదంతా పోయింది. రెన్ గోపురం, లయింగ్ గోడలు మిగిలాయి.

యుద్ధం అయ్యాక చుట్టుపక్కల అంతా మళ్లీ కట్టడమే పని. బాంబుల్లో కాలిన సెయింట్ బ్రైడ్స్, సెయింట్ మేరీ లె బో లాంటి చర్చిలను తిరిగి నిలబెట్టారు. మరి దీన్నెందుకు వదిలేశారు? జనం లేరు కాబట్టి. లండన్ నడిబొడ్డున ఉన్న ఈ పాత భాగాన్ని ‘సిటీ’ అంటారు. 1801లో సిటీలో లక్ష మందికి పైగా కాపురం ఉండేవాళ్లు. 1951కి అయిదు వేల చిల్లర మిగిలారు. పొద్దున రైలు దిగి, సాయంత్రం రైలెక్కే ఊరు అది. ఆదివారం ప్రార్థనకి ఎవరొస్తారు? ఈ పారిష్‌ను, అంటే ఈ చర్చి కిందికి వచ్చే పేటను, దగ్గర్లోని ఆల్ హాలోస్ చర్చితో కలిపేశారు. గంటలు కాలిఫోర్నియాలో ఒక వైన్ తోటకి చేరాయి. చర్చి గంటలకి ఇలాంటి రిటైర్‌మెంట్ నేనెక్కడా వినలేదు.

1967లో సిటీ కార్పొరేషన్ ఈ మిగిలిన గోడల మధ్యే పార్కు చేయాలని నిర్ణయించింది. గచ్చు ఉన్న చోట పచ్చిక, చెట్లు, బెంచీలు వచ్చాయి. భక్తులు కూర్చునే హాలు మధ్యలో ఒక చిన్న ఫౌంటెన్ పెట్టారు. తీగలు వాటంతటవే అల్లుకున్నట్టు కనిపిస్తాయి గానీ, తోటమాలి కత్తెర పడుతూనే ఉంటుంది. లేకపోతే ఈపాటికి కిటికీలు కనపడేవి కావు.

[దృశ్యం: గోడ మీంచి కెమెరా పైకి లేస్తుంది. వెనక వాకీటాకీ భవనం.]

వెనక పైకి వెడల్పుగా ఉబ్బినట్టున్నది వాకీటాకీ భవనం. 2013లో దాని అద్దాల మీంచి పడిన ఎండకి కింద పార్క్ చేసిన కారు భాగాలు కరిగాయి, గుర్తుందా? అదే. దాని నెత్తిన కూడా ఒక తోట ఉంది, టికెట్ లేదు. కానీ మామూలుగా ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, సెక్యూరిటీ చెకింగ్ దాటాలి. ఇక్కడ అదేం లేదు. పొద్దున గేటు తెరుస్తారు, చీకటి పడ్డాక తెరిచి ఉంచరు.

వెళ్లాలంటే మాన్యుమెంట్ స్టేషన్‌లో దిగి నడవండి. మధ్యాహ్నం ఒంటిగంటకి మాత్రం వద్దు. ఆఫీసుల వాళ్లంతా లంచ్ బాక్సులు పట్టుకుని వచ్చేస్తారు, బెంచీ దొరకదు.