బుడమేరును పిల్లల చేత వెతికించండి

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

మన విజయవాడ తరగతి గదుల్లో వేలాడే చాలా గోడపటాల్లో కృష్ణ ఒక నీలిగీత, బుడమేరు కనిపించదు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్‌ను ముంచింది ఆ కనిపించని వాగే. ఆ నీటిని చూసిన పిల్లలు ఇవాళ మన ఎదుట బెంచీల మీద ఉన్నారు కనుక, డిజిటల్ పటాలతో పాఠం ఎలా చెప్పాలన్న మాటను అక్కడి నుంచే ఎత్తుకుంటాను.

గూగుల్ ఎర్త్‌లోనో, ఇస్రో 2009లో తెచ్చిన భువన్‌లోనో ఉపగ్రహ చిత్రం తెరిచి, మైలవరం వైపు కొండల నుంచి కొల్లేరు దాకా బుడమేరు వెంట గీత గీయమనండి. వెలగలేరు రెగ్యులేటర్ (నీటిని అదుపు చేసే తలుపుల కట్టడం) దగ్గర పిల్లల చేయి ఆగుతుంది; అక్కడ చీలిన మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. వరద ఎటు పోవాలో వాళ్లను వాదించుకోనివ్వండి, మనం తొందరపడి జవాబు చెప్పవద్దు. కృష్ణ నిండుగా పారుతుంటే కాలువ నీరు నదిలోకి సాఫీగా దిగదని, బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లిన ఆ రోజుల్లోనే కాలువ కట్టకు గండ్లు పడ్డాయని ఆ వాదన తరువాత చెబితే, అది చెవికెక్కుతుంది.

తెర మీద కనిపించే ఎత్తుల అంకెలను మాత్రం పిల్లలు (మనమూ అంతే) వేదవాక్కుగా తీసుకుంటారు. ఉచితంగా దొరికే ఎత్తుల లెక్కల్లో విరివిగా వాడేది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు రాడార్‌తో కొలిచినది. అందులో నేలంతా గళ్లుగా ఉంటుంది, గడికి ఒక్క ఎత్తే; ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. ఇళ్ల కప్పులు, చెట్ల తలలు కూడా నేల లెక్కలో కలిసిపోతాయి. ఒక వీధి మునిగి పక్క వీధి తేలడానికి మీటరు తేడా చాలు, ఆ మీటరు ఆ లెక్కకు అందదు.

కాబట్టి పిల్లల చేతికి టేపు ఇవ్వండి. గోడ మీద మిగిలిన నీటి చార నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఫోను జీపీఎస్‌తో చోటు గుర్తించి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చుక్కలుగా ఎక్కించాలి. నిలిచిన నీరు ఒక పేటలో దాదాపు సమమట్టంగా ఉంటుంది గనుక, లోతు ఎక్కువున్న చోటే పల్లమని తేలుతుంది. సున్నం వేసి చార చెరిపేసిన ఇంట్లో మామ్మగారు “కిటికీ ఊచల దాకా వచ్చింది నాయనా” అంటారు. అదీ రాసుకోవలసిందే, కానీ వేరే రంగు చుక్కతో, ఎందుకంటే కొలిచినదీ విన్నదీ ఒకటి కావు. ఇంటివారి పేర్లు, తలుపు నంబర్లు పటంలోకి రాకూడదు.

ఇందుకు బడికి ఒక్క ల్యాప్‌టాప్ చాలు. క్యూజీఐఎస్ ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన మిత్రులు మాకు బుడమేరు లేదే అనవచ్చు. కొండవీటి వాగు ఉంది కదా: ఉండవల్లి దగ్గర దాని వరదను కృష్ణలోకి పంపులతో ఎందుకు ఎత్తిపోయవలసి వస్తోందో మీ పిల్లల చేతనే పటంలో వెతికించండి.