ఒకే ఒక్క సీటు: అలాస్కా

అక్క: మన రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి 42 మంది లోక్‌సభ ఎంపీలు. విస్తీర్ణంలో ఆ రెండిటికీ ఆరు రెట్లకు పైగా ఉండే అమెరికా రాష్ట్రానికి ఒక్కరే ఉంటే?

తమ్ముడు: అలాస్కాయేనా అక్కా?

అక్క: అదేరా. నీళ్లతో కలిపి 17 లక్షల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. 2020 లెక్కల్లో జనం మాత్రం 7.33 లక్షలు. అమెరికా దిగువ సభలో సీట్లు జనాభాను బట్టి ఇస్తారు కాబట్టి, 1959లో రాష్ట్రమైన దగ్గర్నుంచీ ఒక్కటే సీటు. అంతకుముందు 1906 నుంచి ఒక ప్రతినిధి వెళ్లేవాడు కానీ, ఆయనకు సభలో ఓటు లేదు.

తమ్ముడు: అంత రాష్ట్రంలో ప్రచారం ఎట్లా చేస్తారు?

అక్క: చిన్న విమానాల్లో. రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు. ఈ సీటు కథంతా అక్కడే ఉంది. 1972 అక్టోబర్ 16న అప్పటి సభ్యుడు నిక్ బెగిచ్ ఆంకరేజ్‌లో జూనో వెళ్లడానికి సెస్నా 310 ఎక్కాడు. ఆయన తరఫున ప్రచారానికొచ్చిన డెమొక్రాట్ల సభా నాయకుడు హేల్ బాగ్స్ కూడా అందులోనే. మొత్తం నలుగురు. ఆ విమానం జూనోలో దిగలేదు. 39 రోజులు వెతికారు. చిన్న ముక్క కూడా దొరకలేదు, ఈ రోజుకీ.

తమ్ముడు: మరి ఎన్నిక?

అక్క: నవంబర్‌లో జరిగింది. బ్యాలెట్ మీద ఆయన పేరు అలాగే ఉంది, జనం ఆయన్నే గెలిపించారు. అంతకు ముందు ఏడాదే మూలవాసులకు 4.4 కోట్ల ఎకరాలు దక్కిన చట్టం కోసం ఆయన సభలో గట్టిగా పాటుపడ్డాడు. ఆ ఫలితం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తమ్ముడు: ఓడిందెవరు?

అక్క: డాన్ యంగ్. ఆర్కిటిక్ వలయం పైనున్న ఫోర్ట్ యూకాన్‌లో బడిపంతులు, నదిలో పడవలు నడిపినవాడు. 1973 మార్చి ఉప ఎన్నికలో ఆయనే గెలిచాడు, 2 వేల లోపు ఓట్లతో. ఈసారి ఓడింది ఎమిల్ నోటీ, మూలవాసుల సమాఖ్య మొదటి అధ్యక్షుడు. ఆ కొద్ది ఓట్లు అటు పడి ఉంటే అలాస్కా మూలవాసి ఒకరు అప్పుడే సభలో కూర్చునేవారు.

తమ్ముడు: తర్వాత ఎన్నాళ్లు పట్టింది?

అక్క: 49 ఏళ్లు. అన్నేళ్లూ యంగే. 2022 మార్చిలో ఇంటికి వెళ్తూ విమానంలోనే స్పృహ తప్పి చనిపోయాడు. ఆ ఆగస్టు ఉప ఎన్నికలో మేరీ పెల్టోలా గెలిచింది. యూపిక్ తెగ మనిషి. వాళ్ల నాన్న, యంగ్ ఒకప్పుడు కలిసి పాఠాలు చెప్పినవాళ్లు. ఫలితం వచ్చిన రోజు ఆవిడ 49వ పుట్టినరోజు.

తమ్ముడు: ఇప్పుడూ ఆవిడేనా?

అక్క: కాదు. 2024లో ఓడిపోయింది. గెలిచినాయన పేరు కూడా నిక్ బెగిచే. ఆ కనిపించకుండా పోయినాయన మనవడు. తాత డెమొక్రాట్, మనవడు రిపబ్లికన్.

తమ్ముడు: ఆయనా చిన్న విమానాల్లోనే తిరగాలి కదక్కా?

అక్క: తిరగాలిరా. చాలా ఊళ్లకు ఇప్పటికీ రోడ్డు లేదు.