టచీ అనే ముందు

పిల్లలూ, నిన్న క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "సార్, టచీ అంటే ముట్టుకునేవాళ్లా?" అని. టచ్ అంటే ముట్టుకోవడమే కాబట్టి అట్లా అనిపిస్తుంది. కానీ ముట్టుకుంటే తట్టుకోలేని మనిషి టచీ. చిన్న మాటకే నొచ్చుకుంటాడు, సుర్రున లేస్తాడు.

ఇంగ్లిష్‌లో 1600ల మొదట్లోనే కనిపించే మాట ఇది. అంతకుముందే చిరచిరలాడే మనిషిని 'టెచీ' అనేవాళ్లు. అదే మారి, టచ్ ప్రభావంతో ఇట్లా అయి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి.

సెన్సిటివ్ అంటే మెచ్చుకోలు కూడా కావచ్చు, ఎదుటివాళ్ల బాధ తెలిసిన మనిషి అని. టచీలో ఆ మెచ్చుకోలు లేదు. మనం 'ముక్కు మీదే కోపం' అనేటప్పటి విసుగు ఉంది. దేని గురించో చెప్పాలంటే 'అబౌట్' రావాలి: హీ ఈజ్ టచీ అబౌట్ హిజ్ హైట్. సంగతులకూ వాడతారు. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు టచీ సబ్జెక్ట్, కదిపితే గొడవే. టచీ-ఫీలీ మాత్రం వేరు. భుజం మీద చెయ్యేసి, ప్రేమంతా బయటికే చూపించేవాళ్లను అట్లా అంటారు.

ఈ మాటతో నాకొక బాధ ఉంది. నొచ్చుకున్నవాణ్ణే ఇది తప్పు పడుతుంది, నొప్పించిన మాట ఏమిటని అడగదు. హైదరాబాద్ హాస్టల్‌లో ఒకడు "నల్లగొండవా? ఏదీ, పళ్లు చూపించు" అన్నాడు. నేను కంచం వదిలేసి లేచాను. "వీడు మరీ టచీ రా" అన్నారు పక్కనున్నవాళ్లు. ఆ మాట నేను నేర్చుకున్నది ఆ రోజే. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల్ని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. మా అమ్మ పళ్ల మీద గోధుమరంగు మచ్చలుండేవి. మోకాళ్లు పట్టేసి నలభై ఏళ్లకే కర్ర పట్టింది.

పాలమూరు నుంచి వచ్చిన పిల్లలున్నారు ఇక్కడ. వాళ్ల తాతలు దేశమంతా తిరిగి డ్యాములకు మట్టి మోశారు. "పాలమూరు లేబరా?" అని ఎవరో నవ్వితే వాళ్ల ముఖం చిన్నబోతుంది. దాన్ని టచీ అనడానికి నాకు నోరు రాదు.

రేపు తలా రెండు వాక్యాలు రాసుకురండి. ఒకటి మీకు తెలిసిన మనిషి గురించి. రెండోది 'ఐ యామ్ టచీ అబౌట్' అని మొదలుపెట్టి మీ గురించే రాయండి. దాన్ని పైకి చదవమని అడగను.