కంచికి ఒక రోజంతా ఇవ్వండి

[తెర మీద: తెల్లవారుజాము. కామాక్షి అమ్మవారి గుడి వీధి. దుకాణాల ముందు మల్లెపూల బుట్టలు దించుతున్నారు.]

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు కథ అయిపోగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనేవారు? "కథ కంచికి, మనం ఇంటికి." మన కథలన్నీ చేరే ఆ కంచికే ఇవాళ వచ్చాం.

అయోధ్య, మథుర, మాయ అంటే హరిద్వారం, కాశి, కంచి, అవంతిక అంటే ఉజ్జయిని, ద్వారక. మోక్షమిచ్చే ఏడు పురాలివి. వీటిలో దక్షిణాదిలో ఉన్నది కంచి ఒక్కటే. అంత పెద్ద క్షేత్రాన్ని మనవాళ్ళు చాలామంది తిరుపతి ప్రయాణానికి తోకలా చేసేశారు. పొద్దున్న టాక్సీ ఎక్కడం, మూడు గుళ్ళు, బల్లి, ఒక పట్టుచీర, రాత్రికి వెనక్కి. దయచేసి అలా వెళ్ళకండి.

మొదటిసారి అమ్మను తీసుకొచ్చినప్పుడు మేమూ అలాగే వచ్చాం. ఆటో అతను నేరుగా ఒక చీరల షాపు ముందు ఆపాడు. అక్కడే గంటన్నర గడిచింది. వరదరాజస్వామి గుడికి చేరేసరికి పన్నెండున్నర దాటింది, తలుపులు మూసేశారు. మళ్ళీ నాలుగింటికి. మాకేమో సాయంత్రం రైలు. మోకాళ్ళ నొప్పితో అమ్మ గోపురం నీడలో కాసేపు కూర్చుని, అక్కణ్ణుంచే దండం పెట్టుకుని లేచింది. ఆ రోజు అమ్మ ముఖం నేను మర్చిపోలేదు.

అందుకే ముందు టైమింగ్ సంగతి. కంచిలో గుళ్ళు తెల్లవారే తెరుస్తారు, మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకల్లా మూసేస్తారు, నాలుగు ప్రాంతంలో మళ్ళీ తెరుస్తారు. పొద్దున పెద్ద కంచి, అంటే శివకంచి. సాయంత్రం విష్ణు గుళ్ళు, చివరగా చిన్న కంచి, అంటే విష్ణుకంచి. ముందు రోజు రాత్రికే చేరి పడుకుంటే టెన్షన్ లేకుండా అన్నీ చూడొచ్చు. చీరలు మధ్యాహ్నం చూసుకోండి.

[తెర మీద: కామాక్షి గుడి బంగారు విమానం.]

మొదట అమ్మవారు. ఇక్కడ కామాక్షి పద్మాసనంలో కూర్చుని ఉంటుంది, చేతుల్లో చెరకు విల్లు, పూల బాణాలు, పాశం, అంకుశం. ఎదురుగా శ్రీచక్రం, ఆదిశంకరులు ప్రతిష్ఠించారని చెబుతారు. కంచిలో ఏ శివాలయంలోనూ అమ్మవారికి విడిగా సన్నిధి ఉండదని, ఊరందరికీ ఈ తల్లి ఒక్కతే అని ఇక్కడివాళ్ళు అంటారు.

ఈ గుడితో మనకు ఇంకో బంధం ఉంది. ఒకప్పుడు ఇక్కడ బంగారు కామాక్షి విగ్రహం ఉండేది. దండయాత్రల భయంతో అర్చకులు ఆ విగ్రహాన్ని రహస్యంగా తీసుకుని బయల్దేరారు. ఊరూరా తిరిగి, తరాలు గడిచాక ఆ తల్లి తంజావూరు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ అర్చక వంశంలో పుట్టినవారే శ్యామశాస్త్రి. సంగీత త్రిమూర్తుల్లో ఒకరు, 1762లో పుట్టారు. ఆ అమ్మను పిలిచి పాడిన పాటల్లో ఎక్కువ భాగం తెలుగులోనే రాశారు. కంచి నుంచి వెళ్ళిపోయిన అమ్మతో ఆయన మాట్లాడింది మన భాషలో.

[తెర మీద: ఏకామ్రేశ్వర రాజగోపురం, కింద నుంచి పైకి.]

ఈ గోపురం దాదాపు 190 అడుగులు. కట్టించింది మన శ్రీకృష్ణదేవరాయలు, పట్టానికి వచ్చిన 1509లోనే అని చెబుతారు. లోపల ఉన్నది పృథ్వీ లింగం, పంచభూత లింగాల్లో మట్టిది. మన శ్రీకాళహస్తిలో వాయులింగం ఉంది కదా, దానికి తోబుట్టువు అనుకోండి. పార్వతీదేవి మామిడి చెట్టు కింద ఇసుకతో లింగం చేసి పూజిస్తుంటే నదికి వరద వచ్చిందట. లింగం కరిగిపోతుందని అమ్మ దాన్ని రెండు చేతులా గట్టిగా వాటేసుకుంది. అందుకే ఇప్పటికీ ఆ లింగానికి నీళ్ళతో అభిషేకం చేయరు, కింద పానవట్టానికే చేస్తారు. కళ్ళ ముందు అది చూస్తే కథ ఊరికే చెప్పింది కాదనిపిస్తుంది.

ప్రాకారంలో నడుస్తుంటే చాలామంది పట్టించుకోకుండా దాటిపోయే ఒక చిన్న సన్నిధి ఉంది. నిలాత్తింగళ్ తుండత్తాన్ అనే పెరుమాళ్ది, అంటే విష్ణుమూర్తిది. ఆళ్వార్లు పాడిన 108 విష్ణు క్షేత్రాలను వైష్ణవులు దివ్యదేశాలంటారు. వాటిలో ఒకటి, శివాలయం లోపల! ఇందాక చూసిన కామాక్షి గుడిలోనూ అలాంటిదే ఇంకోటి ఉంది, కళ్వనూర్. కంచికి రావడం అంటే నాకు ఇదే. ఒక గుడిలో ఇంకో గుడి, ఒక దేవుడి ఇంట్లో ఇంకో దేవుడు. గబగబా తిరిగితే ఇవి కంటపడవు.

[తెర మీద: కైలాసనాథాలయం. ఉదయపు ఎండ, పసుపు రంగు ఇసుకరాయి.]

ఇప్పుడు నాకు కంచిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు. ఊరికి పడమటి కొసన కైలాసనాథాలయం. గుంపు ఉండదు. సుమారు 1300 ఏళ్ళ కిందట పల్లవరాజు రాజసింహుడు కట్టించాడు. ప్రాకారం చుట్టూ 58 చిన్న గుళ్ళు, గూళ్ళలాగా వరసగా. స్తంభాల అడుగున వెనక కాళ్ళ మీద లేచిన సింహాలు. కొన్ని గూళ్ళలో వంగి చూడండి. సున్నం పెళ్ళలూడిన గోడ మీద, మూలన, అప్పటి రంగుల బొమ్మలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఒక కన్ను, ఒక భుజం, ఎర్రటి గీత. చేత్తో ముట్టకండి, మన వేలి తడికే అవి పోతాయి.

గర్భాలయం చుట్టూ ఇరుకైన ప్రదక్షిణ దారి ఉంది. లోపలికి దాదాపు పాకుతూ వెళ్ళాలి. చీకటి, చల్లటి రాయి, ముందు వెళ్ళేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపిస్తాయి. చివర మళ్ళీ నేల మీద పాకి బయటికి రావాలి. ఇలా వస్తే మళ్ళీ పుట్టుక ఉండదని నమ్మకం. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు బలవంతంగా వెళ్ళకండి, బయట నుంచి దండం చాలు.

ఈ గుడిలో ఒక స్తంభం మీద కన్నడ శాసనం ఉంది. చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచాడు. గెలిచి, ఈ గుడి సంపదను చూసి, దోచుకోకుండా స్వామికే తిరిగి ఇచ్చి, ఆ సంగతి రాయించాడు. ఓడిన ఊళ్ళో గెలిచినవాడు వదిలి వెళ్ళిన మాట అది.

పల్లవులు మనకూ పరాయివాళ్ళు కాదు. పల్నాడు వైపు మైదవోలులో వాళ్ళ రాగి శాసనం దొరికింది. యువరాజు శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, ఉన్న అధికారికి పంపిన ఆజ్ఞ అది.

[తెర మీద: సాయంత్రం. ఉలగళంద పెరుమాళ్ గుడి.]

నాలుగయ్యాక ఉలగళంద పెరుమాళ్. తలెత్తి చూసేదాకా అర్థం కాదు, త్రివిక్రముడు సుమారు 35 అడుగుల ఎత్తున ఒక కాలు పైకెత్తి నిలబడి ఉంటాడు. ఈ ఒక్క గుడిలోనే నాలుగు దివ్యదేశాలు. టైమ్ ఉంటే వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పల్లవుల చరిత్రంతా బొమ్మల వరసగా చెక్కి ఉంది, చూడండి.

చివరగా వరదరాజస్వామి. మెట్లెక్కి పైన స్వామి దర్శనం. కోనేట్లో ఉండే అత్తివరదర్, అంటే అత్తి చెక్కతో చేసిన వరదరాజస్వామి విగ్రహం, 40 ఏళ్ళకొకసారి బయటికొస్తారు. 2019లో 48 రోజులు దర్శనమిచ్చారు, మళ్ళీ 2059లోనే. నూరుకాళ్ళ మండపం మూలన ఒకే రాతిలో చెక్కిన గొలుసును పిల్లలకు చూపించండి. మిరియాలు, శొంఠి, నెయ్యి వేసి వెదురు బుట్టలో ఉడికించే కోవిల్ ఇడ్లీ ఈ గుడి ప్రసాదమే. దొరికితే వదలకండి.

ఇక బల్లులు. గౌతమ మహర్షి శిష్యులిద్దరు తెచ్చిన నీళ్ళలో బల్లి పడింది, ఆయన బల్లులైపొమ్మని శపించాడు, ఇక్కడికొచ్చి విముక్తి పొందారు అని కథ. పైకప్పుకు బంగారు, వెండి తొడుగులతో ఉంటాయి. చిన్న మెట్లెక్కి, చేయి చాపి, తల నుంచి తోక దాకా నిమరాలి.

[తెర మీద: నిమిరి నిమిరి నున్నగా మెరుస్తున్న లోహం, దాని మీద ఒక ముసలి చేయి.]

ఇది మా అమ్మ చేయి. రెండోసారి వచ్చినప్పుడు తీసింది. వెనక క్యూ ఉన్నా ఎవరూ తొందర పెట్టలేదు. మెట్టు మీద ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకో చేత్తో నిమిరింది. కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళను ముట్టుకుంటే బల్లి పడ్డ దోషం పోతుందని మనవైపు నమ్మకం కదా. ఇప్పుడు మా వీధిలో ఎవరి మీద బల్లి పడినా పంచాంగం తీయరు. నేరుగా మా ఇంటికొచ్చి, "పిన్నీ, ఒకసారి చెయ్యి ఇవ్వండి" అంటారు. అమ్మ పనిలో ఉన్నా సరే, చేయి తుడుచుకుని చాపుతుంది.